పురుగు పండే ఆదివారం

"రేయ్ వెంకటేషా, మీ ఆవిడికి చెప్పు. తలుపు కాడ్నే నిలబడుకోమను. లోపలికి రావద్దను."

చచ్చిన పట్టుపురుగులను చేటలోకి ఎత్తుతూ, తల తిప్పకుండానే అంది మునిలక్ష్మమ్మ. ఆ మాట చేరవలసిన మనిషి దూరంగా ఎక్కడో లేదు. కోడలు రాజేశ్వరి షెడ్డు గడప అవతలే, మల్బరీ ఆకు గంప చంకన పెట్టుకుని నిలబడి ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మాటలన్నీ వెంకటేష్ మీదుగానే పోతున్నాయి, వెంకటేష్ మీదుగానే వస్తున్నాయి. తపాలా మోసేవాడికైనా ఆదివారం సెలవుంటుంది గానీ అతనికి అదీ లేదు.

"తలకు పోసుకోనే వచ్చినా అత్తా," అంది రాజేశ్వరి.

"ఆ పోసుకునేది బుధవారం పోసుకోనుంటే బాగుండునని చెప్పురా."

వెంకటేష్ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. అతను తల వంచుకుని తట్టల కింద సున్నం చల్లుతున్నాడు. చల్లిన చోటే మళ్లీ చల్లుతున్నాడు.

చేటలోని పురుగులు వేలెడంత ఉన్నాయి. నాలుగు జ్వరాలూ దాటినవి. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని ఆ పక్క రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు వారం రోజులు రాత్రనక పగలనక తిని, పండి, గూడు కడుతుంది. ఇంకొక్క మూడు రోజులు బతికి ఉంటే ఇవీ కట్టేవి. గురువారం మధ్యాహ్నం ఉన్నట్టుండి షెడ్డులో ఒక వరస తట్టల్లోని పురుగులు తలలు పైకెత్తాయి, నోట పచ్చనీళ్లు కక్కాయి, మెత్తబడి పడిపోయాయి. ఆ వరసకు బుధవారం సాయంత్రం ఆకు వేసింది రాజేశ్వరి.

ఆ వేసిన చేతికి నొప్పి బామ్ వాసన ఉంది. అదీ అసలు గొడవ.

పురుగుల షెడ్డుకు గర్భగుడికున్నంత మడి ఉంటుంది. పరాయి మనిషి గడప తొక్కరాదు. పౌడరు, సెంటు, ఊదుబత్తి, తలలో మల్లెపూలు, ఏ వాసనా పనికిరాదు. ఆ సంగతి ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజే మునిలక్ష్మమ్మ చెప్పింది. మునిలక్ష్మమ్మ ఆమెకు సొంత మేనత్త కూడాను, కాబట్టి చెప్పడంలో మొహమాటం ఏమీ పెట్టుకోలేదు. రాజేశ్వరి పుంగనూరులో ఆడపిల్లల హైస్కూలుకు డ్రిల్ టీచరు. బుధవారం సాయంత్రం గ్రౌండులో షబ్నం అనే పిల్లకు పిక్క పట్టేస్తే బామ్ రాసి రుద్దింది. ఇంటికి వచ్చీ రాగానే "ఆకు ఆలిశమయ్యింది, రా రా" అని అత్త కేక పెట్టింది. చేతులు కడుక్కోవాలని తోచలేదు. గోనెసంచిలో ఉన్న ఆకు తీసి, గబగబా చల్లేసింది.

తప్పు తనదేనని రాజేశ్వరి కూడా నమ్మింది. అందుకే ఎదురు చెప్పడానికి నోరు రావడం లేదు.

"ఆదివారం మిగిలిన పురుగు పండతాది," మునిలక్ష్మమ్మ చేట కొడుకు చేతికిచ్చి చీపురు అందుకుంది. "ఇంటి మనిషి ఇంట్లో ఉండాల. సొంత పురుగులు సస్తాంటే ఊరోళ్ల బిడ్డలను ఎగిరించేదానికి కుప్పం పోతాదంట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దోళ్లు. అది చెప్పు."

"అమ్మా, దానికి ముందే మాటయిపోయిండాది..." అన్నాడు వెంకటేష్ నెమ్మదిగా.

"పురుగుకు తెలుసా మాట?"

వెంకటేష్ మళ్లీ సున్నం దగ్గరికి పోయాడు. రాజేశ్వరి మొగుడి వైపు చూసింది. అతను ఇటు చూడలేదు. పోనీలే, రెండు పక్కలా చీవాట్లు తినే మనిషి, అనుకుంది.

"సరే అత్తా. ఆదివారం పోను," అంది.

అంత సులభంగా ఒప్పుకుంటుందని మునిలక్ష్మమ్మ కూడా అనుకున్నట్టు లేదు. చీపురు ఆగింది. అయినా కోడలితో మాట్లాడలేదు. గంప గడప దగ్గర పెట్టి పొమ్మని కొడుకుతో చెప్పించింది.

* * *

పోను అనడం సులభం. ఆ మాట పుంగనూరులో షబ్నం తండ్రి బాబు సాహెబ్‌కు చెప్పడమే కష్టం.

ఆదివారం కుప్పంలో జరిగేది పెద్ద పోటీ ఏమీ కాదు. ఇంతవరకు ఎక్కడా ఆడని ఆడపిల్లలకు మాత్రమే పెట్టిన కబడ్డీ. కప్పు ఎంత ఉంటుందో కూడా రాజేశ్వరికి తెలియదు. కానీ ఆ ఏడుగురు పిల్లలను గీత లోపలికి తేవడానికి ఆమె పడిన పాట్లు ఆమెకు తెలుసు.

అంతకుముందు చాలా ఏళ్లు ఆమె అందరిలాగే పిలిచింది. రండమ్మా, సర్టిఫికెట్టు వస్తాది, కోటాలో ఉద్యోగం వస్తాది, పేపర్లో ఫోటో పడతాది. ఆ పిలుపుకు వచ్చేవాళ్లు ఎప్పుడూ వచ్చేవాళ్లే, కాళ్లలో చురుకున్న నలుగురు. మిగిలినవాళ్లు తలనొప్పి మేడం, కడుపునొప్పి మేడం అని కాంపౌండు గోడ నీడన కూర్చునేవాళ్లు. పోయిన వేసవిలో మదనపల్లెలో డ్రిల్ టీచర్లందరికీ ట్రైనింగు పెట్టారు. అక్కడ ఒక బక్కపలచని ఆవిడ లేచి, "ఆటకు రమ్మనే ముందు ఆ పిల్లకు బతుకులో ఏది ముఖ్యమో ఒక్కసారైనా అడిగారా?" అంది. టీ బిస్కెట్ల ట్రైనింగులో ఇట్లాంటి మాటలు మామూలే అనుకుని రాజేశ్వరి కిటికీ లోంచి టమాట లారీలను చూస్తూ కూర్చుంది. అయితే ఆ మాట మనసులోంచి పోలేదు. బళ్లు తెరిచాక గోడ నీడన కూర్చున్న పిల్లల మధ్యన తానూ పోయి కూర్చుంది.

తేజస్విని అనే పిల్ల అంది, "ఇంట్లో నేను నోరు తెరిస్తే మధ్యలో అడ్డం వస్తారు మేడం. ఒక్కసారన్నా నేను చెప్పేది కడదాకా ఇనాల."

"అయితే కూతకు పో. నీకు ఊపిరి ఉన్నంతసేపు నీ నోటికి అడ్డమొచ్చేవాళ్లు లేరు," అంది రాజేశ్వరి. ఇప్పుడు జట్టులో కూతకు పోయే పిల్ల ఆమే.

దీపికకు చెల్లెలిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. సరే, చెల్లెలినీ గ్రౌండుకు తెచ్చుకోమంది. ఇలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. షబ్నం మాత్రం వారం రోజులు ఆలోచించుకుని వచ్చి చెప్పింది. "ఇచ్చిన మాట తప్పగూడదు మేడం. మా అబ్బా ఫలానా దినం పరుపు ఇస్తానంటే, ఇంట్లో జొరమున్నా సరే, ఆ దినం ఇస్తాడు. నాకు అది ఇష్టం."

"అట్లయితే ఆ ఆరుగురికి మాటియ్యి. సాయంత్రమయితే గ్రౌండులో ఉంటానని."

పరుగంటే ఏమిటో తెలియని పిల్ల. మాటిచ్చిన నాటి నుంచి ఒక్క సాయంత్రం మానలేదు.

బాబు సాహెబ్ దూది పరుపుల అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. రాజేశ్వరి పోయేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని పరుపు అంచు కుడుతున్నాడు. షబ్నం లోపల దూది విడదీస్తోంది. మేడమ్‌ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"రాండమ్మా, కూసోండి. పిల్లకు కొత్త బూట్లు తెచ్చినాను, సూస్తురా?"

రాజేశ్వరి కూర్చోకుండానే చెప్పేసింది.

"ఆదివారం నేను కుప్పం రాలేనన్నా. ఇంట్లో పురుగు సస్తాండాది. ఆంజనేయులు సార్ తీసుకోని పోతాడు పిల్లోళ్లను. మంచాయన. లెక్కల సారు. సాయంత్రానికి తెచ్చి దింపేస్తాడు."

బాబు సాహెబ్ సూది పరుపులోనే నిలిపాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది.

"సార్ మంచాయనే అయుంటాడు లేమ్మా. నేను సార్‌ను ఎరగను. 'నేనే తీసుకపోతా, నేనే తెచ్చి నీ అంగడి ముందర దింపుతా' అని మీరంటిరి. మా ఇంట్లో, మా వాళ్లలో పది మంది పది రకాలుగా అనిరి. మేడం మాటిచ్చిందని వాళ్ల నోళ్లు మూయిస్తి. ఇప్పుడు వాళ్లకేమి చెప్పేది?"

"నిజమే అన్నా."

"ఇల్లు ముందు సూసుకోండి. తప్పులేదు. పిల్ల ఇంకో తూరి పోతాది."

ఇంకో తూరి అనేది ఉండదని రాజేశ్వరికి తెలుసు. ఆటకు కొత్తగా వచ్చిన పిల్ల మొదటిసారి గీత దాకా వచ్చి వెనక్కి తిరిగితే, మళ్లీ గోడ నీడకే పోతుంది. షబ్నం రాకపోతే ఆరుగురవుతారు. ఆరుగురితో జట్టు దిగదు. ఏడుగురూ గోడ నీడకే.

షబ్నం లేచి గుమ్మం దాకా వచ్చింది. చేతులకు, కనుబొమలకు దూది.

"మేడం, నన్ను ఆటకు పిలిచినప్పుడు మీరేమని పిలిచినారు?"

"షబ్నం, పెద్దోళ్లతో అట్ల మాట్లాడొద్దు," అన్నాడు తండ్రి.

"అడుగుతాండానంతే అబ్బా."

రాజేశ్వరి స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. "పురుగులు, తల్లీ..." అంది. ఆ మాట తనకే చిన్నదిగా వినిపించింది. బాబు సాహెబ్ టీ తెప్పిస్తానన్నా ఆగలేదు. స్కూటీ తీసుకుని బయల్దేరింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా పామూ రెండూ న్యాయమే మాట్లాడుతున్నాయి. అదే ఆమె ఏడుపు.

* * *

ఊరి మలుపులో ఆదెప్ప టమాట తోట. గట్టున నిలబడి డ్రిప్పు పైపులు చుడుతున్న ఆదెప్ప స్కూటీని చూసి చెయ్యెత్తాడు.

"ఏమ్మా రాజేశ్వరీ, మా ఆకు ఎట్ల తినినాయి పురుగులు?"

"ఏ ఆకు మామా?"

"వెంకటేష్ చెప్పలేదా? బుధవారం మీకు ఆకు సాలలేదని, మా గట్టు కాడ మల్బరీ కోసుకోని పాయె గదా ఒక సంచి. నేను చెప్తి, అప్పా, పక్కనే టమాటకు మందు కొట్టి నాలుగు దినాలు గూడా కాలేదు, ఆకు మీద పడుంటాది, వద్దు అని. వాన పడింది లే మామా, కడుక్కోని పోయుంటాది అనె. ఏమీ కాలేదు గదా?"

రాజేశ్వరి స్కూటీకి స్టాండు వేసింది. మళ్లీ తీసింది. తాను బుధవారం చల్లింది ఆ గోనెసంచిలోని ఆకే.

"ఒక వరస పాయె మామా," అని మాత్రం అంది.

ఇంటికి పోయేసరికి వెంకటేష్ తొట్టి దగ్గర ఆకు గంపలు కడుగుతున్నాడు. అత్త షెడ్డులో ఉంది. రాజేశ్వరి తొట్టి అంచున కూర్చుంది.

"ఆదెప్ప మామ కనపడినాడు."

గంప కడిగే చెయ్యి ఆగింది.

"ఏమనె?"

"ఆకు ఎట్ల తినినాయని అడిగె."

అంతే. తేలు కుట్టిన దొంగకు అరవడానికి ఉండదు, ఊరుకోవడానికి ఉండదు. వెంకటేష్ కాసేపు నీళ్లు కదిలిస్తూ కూర్చున్నాడు.

"వానకు పోయుంటాదనుకుంటి."

"సరే, అనుకుంటివి. నిన్న మీ అమ్మ నా చెయ్యి లాగి వాసన సూసి, ఊరంతా ఇనపడేట్టు తిడతాండె. అప్పుడేమనుకుంటివి?"

"రాజీ..."

"ఏమనుకుంటివి?"

"పోయిన పంట కూడా నా వల్లే పాయె. షెడ్డు సరిగ్గా కడగలేదని అమ్మ ఏడాది పొడుగునా అనె. నాయిన ఉన్నప్పుడు ఒక్క పంటా పోలేదంట. ఇదీ నాదే అని తెలిస్తే, ఇంగ నన్ను షెడ్డులో కూలోని మాదిరే సూస్తాది." అతను గొంతు తగ్గించాడు. "నీకు జీతం ఉండాది. బయట పేరుండాది. నీ మీద కోపం నాలుగు దినాల్లో పోతాది. నాకు ఈ షెడ్డు తప్ప ఇంకేముండాది?"

రాజేశ్వరికి ఒళ్లు మండింది. అందులో నిజం ఉన్నందుకు ఇంకా మండింది. ఊళ్లో పిల్లలందరినీ నీడన కూర్చోబెట్టి అడిగింది, నీకేది ముఖ్యమని. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషిని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఇదే చెప్పేవాడేమో. అలాగని జాలిపడి ఊరుకోవడానికి ఆమె దేవతేమీ కాదు.

"నీ నాలుగు దినాల్లో నా పిల్లోళ్ల ఆట పోతాండాది. తెలుసునా?"

"చెప్తాను. పురుగు పండి గూళ్లు కట్టనీ. కట్టినాక అమ్మకు నేనే చెప్తాను."

"గూళ్లు కట్టేది ఆదివారం. ఆట ఆదివారమే."

వెంకటేష్ ఇంకో గంప నీళ్లలో ముంచాడు.

"నేను చెప్పను. నేను చెప్తే చాడీ అయితాది. తప్పు చేసిన నోరే చెప్పాల. రేపు సాయంత్రం దాకా టైముండాది."

లేచి లోపలికి పోయింది. రాగి సంగటి కెలుకుతూ, తెడ్డు గిన్నెకు రెండుసార్లు గట్టిగా కొట్టుకుంది. బయట గంపలు కడిగే చప్పుడు మళ్లీ మొదలైంది.

* * *

శనివారం పొద్దున వెంకటేష్ చెప్పలేదు. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు చెప్పలేదు. మజ్జిగ పోసుకుంటూ తల్లి మొహం వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఉప్పు అడిగాడు.

పొద్దు వాలే వేళకు పురుగులు తొందరపడ్డాయి. అక్కడొకటి, ఇక్కడొకటి మేత మాని, ఒళ్లు పసుపు తిరిగి, తల ఊపుతూ తట్ట అంచులకు పాకడం మొదలుపెట్టాయి. పండిన పురుగును చేత్తో ఏరి, వెదురుతో అల్లిన చంద్రిక మీద వదలాలి. అప్పుడే గూడు శుభ్రంగా కడుతుంది. ఆలస్యమైతే ఆకు ఈనెల్లో, పెంటలో ఎక్కడపడితే అక్కడ కట్టేసి చెడగొడుతుంది. పండిన పురుగు ఎవరి కోసమూ కాచుకోదు.

"ఏమ్మే, వస్తావా రావా?" అని షెడ్డులోంచి కేక వచ్చింది.

మూడు రోజుల్లో అత్త ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. రాజేశ్వరి అప్పటికే స్నానం చేసి తడి జుట్టు ముడేసుకుని ఉంది. ఫోను బయట గూట్లో పెట్టి, సున్నం నీళ్లలో కాళ్లు ముంచి, గడప దాటింది.

ఇద్దరూ ఒకే తట్టకు చెరో పక్క నిలబడి ఏరసాగారు. పురుగులు ఆకు కొరికే చప్పుడు మాత్రం చినుకులు పడుతున్నట్టు వినిపిస్తోంది.

"మెత్తగా పట్టు. బంతి కాదు అది," అంది మునిలక్ష్మమ్మ.

"కబడ్డీలో బంతి ఉండదత్తా."

"మరి దేనికోసరం ఎగబడేది?"

"మనిషి కోసరం. మన గీత లోపలికొచ్చిన మనిషిని పోనియ్యకుండా పట్టుకునేది."

"ఆ మాత్రందానికి కుప్పం దాకా పోవాల్నా," అంది మునిలక్ష్మమ్మ. కానీ గొంతులో నిన్నటి కారం లేదు. ఇంకో నాలుగు పురుగులు ఏరి చంద్రిక మీద వదిలింది. తర్వాత, అదే గొంతుతో, "పొద్దున పాల కేంద్రం కాడ ఆదెప్ప చెప్పినాడులే," అంది.

రాజేశ్వరి చేతిలోని పురుగు చేతిలోనే ఉండిపోయింది.

"పొద్దున్నించీ తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి కూడా నన్ను గడప అవతలే నిలబెడితివి గదత్తా."

"నీకూ తెలుసని కూడా చెప్పినాడు. నువ్వు నోరిప్పితివా? మొగున్ని దాచుకుంటాండావో, నా మీద పంతానికి పోతాండావో అని సూస్తా ఉంటి."

"చేసినోడే చెప్పాలని ఊరకుంటి."

మునిలక్ష్మమ్మ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. "నేనూ దానికే ఊరకుంటి," అంది. "పంట పోతే ఇంకో పంట వస్తాది. నేను పొయ్యినాక ఈ షెడ్డు వానిది. తప్పు చేసి తప్పని చెప్పే నోరు లేనోని చేతిలో ఎట్ల పెట్టేది? పొద్దున్నించి మూడు పూటలు వాని మొగం సూస్తి. వాడు ఉప్పు అడిగె."

చంద్రికలు మోసుకుని వచ్చిన వెంకటేష్ గడప దగ్గరే ఆగిపోయాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చంద్రికను గోడకు ఆనించి, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే అమ్మా."

"ఇప్పుడా?" అంది తల్లి. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ తగిలింది.

రాజేశ్వరి చేతిలోని పురుగును చంద్రిక మీద వదిలింది. అదను ఇదే అనుకుంది.

"అయితే రేపు నేను కుప్పం పోతానత్తా."

"యాడికీ పోయేది లే."

"తప్పు నాది కాదని తెలిసె గదా."

"తప్పు ఎవురిదైతే యేమి? పురుగు పండేది ఆగుతాదా? రేపు పొద్దునకు సగం తట్టలు పండతాయి. మూడు జతల చేతులుంటేనే కష్టం."

"కూలికి ఎవురినన్నా పిలుస్తాం."

"పరాయి చెయ్యి నా షెడ్డులో పెట్టనియ్యను. మొన్న పరాయి ఆకు పెట్టి ఏమాయె సూడలేదా?"

"నువ్వు పో రాజీ. నేను ఎట్లో చేస్తాను," అన్నాడు వెంకటేష్ గడప దగ్గర్నించి.

"నీ ఎట్లో నేను సూసినా," అంది తల్లి. అతను తల వంచుకున్నాడు.

రాజేశ్వరి గొంతు పెంచలేదు. షెడ్డులో గొంతు పెంచడం ఆ ఇంట్లో ఆచారం కాదు. "అత్తా, ఆ బిడ్డలు మొదటిసారి ఆడేది. ఈ తూరి యెనక్కి తిరిగితే ఇంగ రారు."

"రాకుంటే బతకరా?"

"బతుకుతారు. ఎవురో ఒకరు ఏదో ఒక మాట చెప్పి ఆపుతా ఉంటే, ఆగుతా ఆగుతా బతుకుతారు. వాళ్లకు నేను అట్ల నేర్పలేదు."

మునిలక్ష్మమ్మ పురుగులు ఏరుతూనే ఉంది. అంతలో బయట గూట్లో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. రాజేశ్వరి గడప దాటి పోయి తీసింది. బాబు సాహెబ్ నంబరు. మాట్లాడింది షబ్నం.

"మేడం, రేపు మేము పోతాండాం."

"మీ అబ్బా ఒప్పుకున్నాడా?"

"ఊరికే ఒప్పుకోలేదు. దాదీ ఒప్పించె. నేనొస్తా బిడ్డ జతకు, నేనుంటే సాలదా అని అబ్బాతో కొట్లాడె. నిన్నట్నించి నేను అన్నం తినకుండా పరుపు పక్కనే కూసోనుంటి మేడం, నాకింకేం చేయాలో తెలీక. దాదీ వచ్చి ఏమైందే అని అడిగె. చెప్తి. నేను మాటిచ్చింది ఆరుగురికి గదా మేడం. మీకు గాదు గదా."

రాజేశ్వరి గోడకు చెయ్యి ఆనించింది. షబ్నం నానమ్మ బద్రున్నీసా బీకి డెబ్బై దాటాయి. పుంగనూరు సందులు దాటి పలమనేరు కూడా చూసి ఉండదు. ఆ ముసలావిడ కుప్పం పోతోంది, పిల్ల ఆట కోసం. ఆ పిల్లకు ఆట నేర్పిన మనిషి పురుగుల షెడ్డు గోడ పట్టుకుని నిలబడి ఉంది. సిగ్గేసింది. దాని వెంటే, చెప్పలేనంత సంతోషమూ కలిగింది. ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో ఆమెకు అర్థం కాలేదు.

"మేడం, ఇనపడతాందా? ఇంగొకటి అడగాల. ఆడ మీ మేడం యాడ అని అడుగుతారంట. ఏమి చెప్పేది? రాలేకపోయిందని చెప్పేదా, రానన్నదని చెప్పేదా?"

పిల్ల గొంతులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. అబద్ధం చెప్పడం ఇష్టం లేక అడుగుతోంది.

రాజేశ్వరి షెడ్డు వైపు తిరిగింది. తెరిచిన తలుపులోంచి ట్యూబులైటు వెలుగు వాకిట్లోకి పడుతోంది. లోపల తల్లీ కొడుకూ ఇద్దరూ పని ఆపి ఆమె వైపే చూస్తున్నారు.

"ఏమీ చెప్పొద్దు," అంది, వాళ్లకూ వినపడేలా. "పొద్దున మొదటి బస్సుకు నేను బస్టాండులో ఉంటాను. అందరినీ ఆడికే రమ్మను."

ఫోను పెట్టేసింది. పండిన పురుగొకటి తట్ట అంచు మీంచి కిందపడితే మునిలక్ష్మమ్మ వంగి తీసి, చంద్రిక మీద పెట్టింది.

"తలుపెయ్యండి. గాలి తగులుతాది పురుగుకు," అంది.

రాజేశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె గడప చేరేలోగానే తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ గడియ వేసింది అత్త చెయ్యో, మొగుడి చెయ్యో ఆమెకు తెలియలేదు.